పదును చూసిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో మట్టిని పిడికిట్లో పట్టి చూడటం చేతకానిది నాకూ మా అమ్మకే. మా నాన్నకు వచ్చు, మా బాబాయికి వచ్చు, ఇక మా తాతయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. తొలకరి పడిందంటే చాలు, మా వసారాలోకి మనుషులు రావడం మొదలయ్యేది. తుండుగుడ్డ కొసన ముడి వేసి తెచ్చిన మట్టిని మా తాతయ్య ముందు విప్పి, నోరు తెరిచి ఏమీ అడగకుండా నిలబడేవాళ్ళు. అడగాల్సిన పని కూడా లేదు. మట్టి మూట తెచ్చిన రైతుకు కావలసింది ఒక్క సంగతే. చేలో పదును ఉందా, లేదా.

పదును అంటే ఏమిటని మొన్న నా మనవరాలు అడిగింది. నేను గొంతు సవరించుకునేలోపే తనే ఫోన్లో చూసుకుని, "నేలలో తేమ, అంతేగా అమ్మమ్మా" అంది. అంతే, కాదనను. కానీ తేమ ఇంటి చూరు కింద కూడా ఉంటుంది, అక్కడ ఎవరూ పత్తి వెయ్యరు. పదును అంటే నేలలో పడ్డ గింజ ఉబ్బి, పగిలి, వేరు దించుకుని, తల పైకెత్తేదాకా దానికి సరిపోయే తడి. తక్కువైతే గింజ సగంలో మాడిపోతుంది, ఎక్కువైతే కుళ్ళిపోతుంది. దాన్ని చూడటానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. జానెడు లోతు తవ్వి, అక్కడి మట్టి తీసి పిడికిట్లో గట్టిగా నొక్కాలి. చెయ్యి తెరిచాక ఉండ కట్టకుండా రాలిపోతే అది పొడి నేల. ఉండ కట్టి అరచేతికి అంటుకుపోతే ఇంకా ఆరాలి. ఉండ కట్టి, బొటనవేలితో తాకగానే మెత్తగా విడిపోతే అదీ పదును. చెప్పడానికి ఇంతే. ఆ విడిపోవడంలో ఉన్న తేడాలు తెలియాలంటే మాత్రం ఎన్నో ఏళ్ళు మట్టి నొక్కిన చెయ్యి కావాలి.

మా తాతయ్యది అలాంటి చెయ్యి. కళ్ళు మూసుకుని నొక్కేవాడు. తెరిచి బొటనవేలితో ఒకసారి తాకి, "రేపు పొద్దున్నే అచ్చు తోలుకో" అనో, "ఇంకో వాన పడనీ, తొందరపడకు" అనో అనేవాడు. అచ్చు తోలడం అంటే ఎడ్లతో చేలో నిలువునా, అడ్డంగా గీతలు గీయడం. ఆ గీతలు కలిసిన చోటల్లా పత్తి గింజ పెడతారు. తాతయ్య ఆ మాట అన్నాక ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్ళు కాదు. ముఖ్యంగా మా పక్క చేను రైతు, నేను పెదనాన్నా అని పిలిచే ఆయన, తాతయ్య చెయ్యి పట్టి చూడనిదే గింజ సంచి మూతి విప్పేవాడు కాదు. మా ఊరు గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం జిల్లా మొదలయ్యే చోట ఉంటుంది. కాలువ నీళ్ళు అందని మెట్ట సేద్యం. వాన తప్ప వేరే దిక్కు లేని చోట పదును చెప్పగలిగిన మనిషికి ఎంత విలువ ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు.

ఒక ఏడాది మిరపకాయలు కల్లంలో ఎండుతుండగా మా నాన్న పచ్చకామెర్లతో పోయాడు. నాటు మందు వేయించుకొచ్చారు, తర్వాత గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు, ఇంటికి మాత్రం ఎడ్లబండి మీద పడుకోబెట్టి తెచ్చారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. కల్లంలో కాయలు ఎర్రగా పరిచి ఉండటం, వాటి ఘాటుకు వచ్చినవాళ్ళందరూ తుమ్ముతూ ఏడవటం నాకు గుర్తుంది. ఆ దెబ్బకు మా తాతయ్యకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి, మాట కొంచెం ముద్దగా వచ్చేది. కుడి చెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఉంది. వసారాలో నులక మంచం వేసి అక్కడే పడుకోబెట్టారు.

మా బాబాయి దుర్మార్గుడేమీ కాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథ వినేవాళ్ళందరూ ఆయన్నే తిట్టుకుంటారు. పక్కింట్లోనే వేరు కాపురం, పక్కపక్కనే చేలు, ఎడ్ల జత మాత్రం ఆయన వాటాకు వెళ్ళింది. పెద్దకర్మ అయ్యాక నలుగురు పెద్దమనుషుల ముందు ఆయన తన మనసులో మాట చెప్పాడు.

"వదినా, ఆడమనిషివి. మెట్ట సేద్యం నీవల్ల కాదు. పిల్లని తీసుకుని మీ పుట్టింటికెళ్ళు. చేను నేను చూసుకుంటా. తిండిగింజలకి లోటు రానివ్వను."

మా అమ్మ తలుపు చాటున నిలబడి, తల మీద చెంగు సర్దుకుంటూ, ఒక్క ఏడాది గడువు అడిగింది. ఈ పత్తి పంట నా చేత్తో చేసి చూపిస్తాను, చెయ్యలేకపోతే మీరు చెప్పినట్టే వింటాను అంది. పెద్దమనుషులు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని సరే అన్నారు. కాబట్టి ఆ ఏడు మా చేలో పత్తి మొలిస్తే మేము మా ఇంట్లో ఉంటాం. మొలవకపోతే మా మేనమామల ఇంటికి వెళ్ళి వాళ్ళ పంచన బతకాలి. తాతయ్య ఇక్కడే ఉండిపోతాడు. నాకు అర్థమైంది అంతే, కానీ అది నాకు బాగా అర్థమైంది. రోజూ లేవగానే ఆకాశం వంక చూసేదాన్ని.

మా అమ్మకు చేలో పని కొత్త కాదు. కలుపు తీసింది, పత్తి తీసింది, మిరపకాయలు కోసింది. అయితే అవన్నీ ఎప్పుడు చెయ్యాలో చెప్పేది నాన్న. ఇప్పుడు చెప్పగలిగింది మంచం మీదున్న తాతయ్య ఒక్కడే. చిక్కేమిటంటే, మా ఇళ్ళల్లో కోడలు మామగారి ఎదుటపడి మాట్లాడేది కాదు. కాపురానికొచ్చిన నాటి నుంచీ మా అమ్మ ఆయనతో ఒక్క మాటా నేరుగా అనలేదు. అందుకని మధ్యలో నేను. తాతయ్య మంచం పక్కన నేను కూర్చునేదాన్ని, తలుపు అవతల అమ్మ బియ్యం చెరుగుతూనో పప్పు ఏరుతూనో కూర్చునేది. తాతయ్య నాకు చెబుతున్నట్టు చెప్పి, చివర్లో "మీ అమ్మకి చెప్పు" అనేవాడు. అమ్మ అన్నీ వింటూనే ఉండేది. అయినా నేను లేచి లోపలికి వెళ్ళి, ఆ మాట మళ్ళీ చెప్పి వచ్చేదాన్ని. మర్యాద అంటే అదీ.

ఆ వేసవి మధ్యాహ్నాలన్నీ నాకు మాటలు నేర్చుకోవడంతోనే గడిచాయి. మెరక అంటే ఎత్తు నేల, పల్లం అంటే నీళ్ళు దిగి నిలిచే నేల. మన చేను మెరక, బాబాయి చేను పల్లం, గట్టు ఒకటే అయినా గుణం ఒకటి కాదు అని చెప్పాడు. బెట్ట అంటే వాన లేక పైరు వడలిపోయే రోజులు. వేసవి దుక్కి అంటే ఎండాకాలంలోనే నేలను లోతుగా దున్ని, వానకు నోరు తెరిచి ఉండేలా వదిలెయ్యడం. గుంటక అంటే వెడల్పాటి ఇనప పలక ఉన్న పనిముట్టు, ఎడ్లు లాగుతుంటే అది పైమట్టిని తేలిగ్గా కదిలించి, పైన తిరిగే గాలి లోపలి తడిని లాగెయ్యకుండా కాపాడుతుంది. అదును అంటే పంట వెయ్యాల్సిన కాలం. పదును నేల చెబుతుంది, అదును ఆకాశం చెబుతుంది, రెండూ ఒకే రోజు కలిసి రావడం రైతు అదృష్టం అన్నాడు తాతయ్య. కలిసి రాకపోతే ఏం చెయ్యాలి తాతయ్యా అని అడిగాను.  "అప్పుడే మనిషి ఏంటో తెలిసేది" అన్నాడు. లోపల చేట చప్పుడు ఆగడం నాకు వినిపించింది.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. ఆషాఢం అంతా మబ్బులు వచ్చినట్టే వచ్చి ఒంగోలు వైపు వెళ్ళిపోయేవి. చివరికి ఒక సాయంత్రం ఒక జల్లు పడింది. వాన అనడానికి ఎక్కువ, తుంపర అనడానికి తక్కువ. మర్నాటికే ఊరంతా చేలల్లో ఉంది. అప్పటికే అదును దాటిపోతోందని అందరికీ కంగారు. బాబాయి తన చేలో అచ్చు తోలించి, ఆ మరుసటి రోజుకు ఎడ్లనూ పాలేరునూ మాకు పంపాడు. "ఇవ్వాళొక్క రోజే. రేప్పొద్దున్నే ఎడ్లు మా బావమరిది చేనుకి పోవాలి" అని పాలేరు చేత చెప్పించాడు.

నేనూ అమ్మా చేనుకు వెళ్ళాం. అమ్మ ముందురోజే పత్తి గింజలకు పేడా బూడిదా పట్టించి, నూగు అణిగేలా రుద్ది, ఆరబెట్టి సంచిలో పోసింది. పాలేరు అవతలి గట్టు దగ్గర ఎడ్లకు కాడి కడుతున్నాడు. అమ్మ చేను నడిమధ్య కూర్చుని గునపంతో జానెడు లోతు తవ్వింది. అడుగు మట్టి తీసి తన చేత్తో నొక్కి చూసింది. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు, ముఖంలో మాత్రం ఏమీ తెలియనివ్వలేదు. ఆ మట్టి తుండుగుడ్డలో మూట కట్టి నా చేతికిచ్చి, "పరిగెత్తుకెళ్ళి తాతయ్యకి చూపించిరా. దార్లో ఎవరితో కబుర్లు పెట్టుకోకు" అంది.

పరిగెత్తాను. వసారాలో తాతయ్య తప్ప ఎవరూ లేరు. మూట విప్పి ఆయన కుడి అరచేతిలో మట్టి పోశాను. కళ్ళు మూసుకుని నొక్కాడు. చెయ్యి తెరిచేసరికి ఉండ లేదు. సగం మట్టి వేళ్ళ సందుల్లోంచి దుప్పటి మీద రాలింది. రాలినదాన్ని కూడా బొటనవేలితో పాముతూ కాసేపు ఉండిపోయాడు, ఇంకేదైనా చెబుతుందేమోనని ఎదురుచూస్తున్నట్టు.

"పదును లేదమ్మా. పైపై తడే ఇది, కింద పొడి. మీ బాబాయిది పల్లం, వాడికి ఆ తడి చాలుద్ది. మనకి చాలదు. గింజ ముట్టుకోవద్దని మీ అమ్మకి చెప్పు. ఇంకో వాన పడాలి."

మళ్ళీ పరిగెత్తి వెళ్ళి ఆ మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. అమ్మ నిలబడి చుట్టూ చూసింది. అటు చూసినా ఇటు చూసినా వంగిన నడుములే, అందరూ గింజలు పెడుతున్నారు. గట్టు అవతల మా పిన్ని కూలీలను వెంటేసుకుని వరసలు సాగిస్తోంది. పడమట దూరంగా నల్లటి మబ్బు ఒకటి పట్టి ఉంది. ఎడ్లు రేపు ఉండవు. గింజ వెయ్యకుండా ఇంటికి పోతే సాయంత్రానికి ఊరు ఏమంటుందో ఆమెకు తెలుసు. వేసుకోను కూడా చేతకాలేదు అంటారు. తాతయ్య మాట ఒకవైపు, ఇవన్నీ ఒకవైపు. ఇంత వయసు వచ్చాక నేను ఆమె స్థానంలో నిలబడి ఎన్నోసార్లు ఆలోచించాను, నేనైనా ఏం చేసేదాన్నో చెప్పలేను.

"తాతయ్య చెప్పింది నిజమేనే. కానీ ఆ మబ్బు చూడు, సాయంత్రానికి పడుద్ది. వేసేద్దాం" అంది.

ఇంకొక చిక్కు మిగిలింది. ఏటా మొదటి గింజ ముత్తైదువ చేత వేయించడం మా ఆనవాయితీ. అంతకుముందు ఏడు దాకా మా అమ్మే, నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని, ఒడిలో గింజలు పోసుకుని, మా మొదటి గింజ వేసేది. ఇప్పుడు ఆమె వెయ్యకూడదు. పిన్నిని పిలవడానికి అమ్మకు మనసొప్పలేదు. పాలేరు అచ్చు తోలాక చేలో మూడు రాళ్ళు పెట్టి పసుపు రాసి, నన్ను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, నా గుప్పిట్లో గింజలు పోసింది. కన్నెపిల్ల చెయ్యి మంచిదేనంది. గీతలు కలిసిన చోట వేలితో గుంట చేసి నేను మా చేలో మొదటి గింజ పెట్టాను. ఎంత గర్వపడ్డానో. వేలికి తగిలిన మట్టి వెచ్చగా ఉంది. వెచ్చగా ఉండకూడదని నాకు అప్పుడు తెలియదు.

సాయంత్రం ఖాళీ సంచితో ఇంటికి వచ్చాం. తాతయ్య ఆ సంచి చూశాడు. అమ్మ గబగబా లోపలికి వెళ్ళిపోయింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పడమటి మబ్బు విడిపోయింది. తర్వాత బెట్ట పట్టుకుంది. నేర్చుకున్న మాటకు అర్థం ఏమిటో అప్పుడు కళ్ళారా చూశాను. పల్లంలో ఉన్న బాబాయి చేలో పలచగానైనా రెండాకుల మొలకలు లేచాయి. పెదనాన్న ఇంకో వాన పడ్డాకే తాతయ్యకు మట్టి చూపిద్దామని ఆగాడు, ఆయన సంచి సంచిగానే ఉంది. మా మెరక చేలో ఏమీ లేదు. రోజూ పొద్దున్నే నేనూ అమ్మా వెళ్ళి గట్టు మీద నిలబడేవాళ్ళం. ఒక రోజు అమ్మ కూర్చుని, నేను మొదటి గింజ పెట్టిన చోటే వేలితో తవ్వింది. గింజ పగిలి ఉంది. లోపలి నుంచి తెల్లటి మొలక గోరంత బయటికొచ్చి, అక్కడే నల్లగా ముడుచుకుపోయింది. పక్కది తవ్వింది, అదీ అంతే. అమ్మ అలా ఒక్కొక్కటే తవ్వుకుంటూ చేను చివరిదాకా వెళ్ళింది. నేను ఆపలేకపోయాను. ఆ తర్వాత గట్టు మీద కూర్చుని, నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు.

ఊళ్ళో మాట పాకింది. పదును చూసుకోకుండా వేయించిందని కొందరు అన్నారు. నీళ్ళ బావి దగ్గర మరో మాట నా చెవినే పడింది. తండ్రిని మింగిన పిల్ల చేత మొదటి గింజ వేయిస్తే ఏం మొలుస్తుంది, అని. నేను ఇంటికొచ్చి నా చేతులు చూసుకున్నాను. సున్నిపిండితో రుద్ది కడుక్కున్నాను. ఆ రోజు నుంచి అన్నం కూడా ఎవరూ చూడకుండా తినాలనిపించేది.

పెద్దమనుషులు మళ్ళీ మా వసారాలో కూర్చున్నారు. పెదనాన్న కూడా వచ్చాడు. నన్ను తాతయ్య తన మంచం మీదే, కుడి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అమ్మ తలుపు అవతల ఉంది, చీర అంచు మాత్రం కనిపిస్తోంది. బాబాయి లేచి నిలబడ్డాడు.

"నాన్నా, నువ్వే చెప్పు. మట్టి నీ దగ్గరికి తెచ్చిందంట పిల్ల. పదునుందని నువ్వు చెప్పావా, లేకపోతే నీ మాట కాదని వదినే తనంతట తను వేయించిందా? ఆ సంగతి తేలితే చాలు, ఇంక మాట్లాడేదేం లేదు."

అందరూ తాతయ్య వంక చూశారు. చీర అంచు కదల్లేదు.  నేను మాత్రం తేలిగ్గానే ఉన్నాను, ఎందుకంటే తాతయ్య అబద్ధం ఆడడని నాకు తెలుసు. నిజం చెబితే మేము వెళ్ళిపోవాలని అంతలోనే గుర్తొచ్చింది. తాతయ్య నా వంక చూశాడు. తర్వాత తన కుడి చెయ్యి ఎత్తి అందరికీ కనిపించేలా ముందుకు చాపాడు.

"నేనే చెప్పా. పదునుంది, వేసుకోమన్నా. కోడలి తప్పు లేదు, పిల్ల చేతి తప్పు అంతకన్నా లేదు. ఈ చేతికి కూడా స్పర్శ పోయిందిరా. ఎడమది పోయిందని అందరికీ తెలుసు. ఇదీ పోయింది. చెప్పుకోడానికి సిగ్గేసి ఊరుకున్నా."

 నేను నోరు తెరిచాను. కాదు తాతయ్యా, లేదన్నావుగా అనబోయాను. చాపిన చేతిని ఆయన అలాగే దించి, దుప్పటి కింద నా మణికట్టు పట్టుకున్నాడు. పోయిందని చెప్పిన చెయ్యి. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే నా గాజు ఒకటి చిట్లింది. ఆ చప్పుడు కూడా ఎవరికీ వినిపించలేదు. నేను నోరు మూసుకున్నాను.

పెదనాన్న తల దించుకున్నాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకుని మళ్ళీ వేసుకున్నాడు. ఆయనకు అది ఎంత పెద్ద కబురో ఇప్పుడు తెలుస్తోంది నాకు. బాబాయి కూర్చుండిపోయాడు. తండ్రి చేతి మీద పడ్డ తప్పును వదిన మీదికి ఎలా నెట్టగలడు. తాతయ్య ముద్ద ముద్ద మాటల్లోనే మిగతాది కూడా చెప్పేశాడు. తప్పు నాది కాబట్టి దిద్దుబాటు నా కొడుకు చేస్తాడు, వాన పడ్డాక ఎడ్లు పెట్టి ఆ చేను మళ్ళీ దున్నించి ఏదో ఒకటి వేయిస్తాడు అన్నాడు. బాబాయి తల ఊపాడు. మనుషులు వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం అమ్మ కంచంలో అన్నం పెట్టుకుని వసారాలోకి వచ్చింది. ఎప్పుడూ ఆ కంచం నా చేతికిచ్చి పంపేది, ఆ రోజు తనే తెచ్చింది. మంచం పక్కన పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. "మావయ్యా" అంది. కాపురానికొచ్చాక ఆయనతో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది. ఆ తర్వాత కంచం ఆయన కుడి చేతికి అందేలా జరిపింది. తాతయ్య ఆమె వంక చూడకుండా నా వైపు తిరిగి, "అన్నం చల్లారిపోతోంది, తను కూడా తినమని మీ అమ్మకి చెప్పు" అన్నాడు. నేను పక్కనే నిలబడ్డ అమ్మకు ఆ మాట చెప్పాను.

భాద్రపదంలో వాన పడింది. మంచి వాన, రెండు రోజులు ఆగి ఆగి పడింది. పత్తికి అదును దాటిపోయింది, కంది వేద్దామన్నారు. అమ్మ మళ్ళీ మట్టి మూట నా చేత పంపింది. తాతయ్య దాన్ని ముట్టుకోలేదు. వీధిలో మనుషులు తిరుగుతున్నారు, ఆయన చెయ్యి పోయిన మనిషి. "నువ్వు పట్టు" అన్నాడు. నా గుప్పిట్లో మట్టి పోయించి కళ్ళు మూసుకోమన్నాడు. నొక్కు, ఇంకా గట్టిగా, ఇప్పుడు తెరువు, వేలితో తాకు అని ఒక్కొక్కటే చెప్పి చేయించాడు. విడిపోయిందా, రాలిందా, వేలికి అంటిందా, చల్లగా ఉందా అని అడిగాడు. నేను చెప్పినదాన్ని బట్టి పదును ఉందన్నాడు. మొదటి గింజ ఎవరి చేత వేయించాలని నేనే అడిగాను, చేతులు వెనక్కి పెట్టుకుని. "నీ చేత్తోనే వెయ్యి. గింజ తడిని చూసుద్ది గానీ చేతిని చూడదమ్మా" అన్నాడు. వేశాను. కంది మొలిచింది. గొప్ప పంటేమీ కాదు. కానీ మేము మేనమామల ఇంటికి వెళ్ళలేదు, అమ్మ ముసలిదయ్యేదాకా ఆ చేను ఆమే చేసింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ తాతయ్య ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు బతికాడు. మరుసటి తొలకరికి మా వసారాలోకి ఎవరూ రాలేదు. తుండుగుడ్డలో మట్టి కట్టుకుని మా ఇంటి ముందు నుంచే వెళ్ళి, ఊరి చివర ఇంకెవరికో చూపించుకునేవాళ్ళు. ఆయన మంచం మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. బొటనవేలితో చూపుడువేలిని పాముతూ ఉండేవాడు, మట్టి లేకపోయినా. పెదనాన్న మాత్రం ఒకసారి మా గుమ్మం దగ్గర ఆగాడు, మూట చేతిలోనే ఉంది. బాగున్నావా బాబాయ్ అని తాతయ్యను పలకరించి, మూట వెనక్కి పెట్టుకున్నాడు. చూపించమంటే ముసలాయన బాధపడతాడనుకున్నాడు పాపం. గుడ్డలోంచి తడి కారడం నాకూ కనిపించింది. తాతయ్య నోరు తెరవబోయి ఆగిపోయాడు. పెదనాన్న ఆ తడి నేలలోనే గింజ వేశాడు. వేసినదంతా కుళ్ళిపోయింది.

ఆ కబురు తెలిసిన రోజు తాతయ్య అన్నం ముట్టుకోలేదు. ఎందుకు చెప్పలేదు తాతయ్యా, నీకు తెలుసుగా అని అడిగాను. "చెబితే, మరి ఆ రోజు ఎందుకు తప్పు చెప్పావంటారు. అప్పుడు మీ అమ్మ పేరొస్తుంది" అన్నాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దన్నాడు. ఒక అబద్ధం ఒక్కరోజు ఆడి ఊరుకునేది కాదని, ఆడినవాళ్ళు దాన్ని రోజూ మోయాలని నాకు ఆ రోజు తెలిసింది. మంచికి ఆడినదైనా అంతే బరువు. ఆయన పోయిన రోజు వచ్చినవాళ్ళు కూడా అదే అన్నారు. మహానుభావుడు, చివర్లో చెయ్యి దెబ్బతింది కానీ, లేకపోతే ఈ చుట్టుపక్కల అలాంటి మనిషి లేడు అన్నారు. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇప్పుడు మా చేలల్లో బోర్లు పడ్డాయి, మిరపకు సన్నటి గొట్టాలతో చుక్క చుక్కగా నీళ్ళు పెడుతున్నారు. పదును కోసం ఆకాశం చూసేవాళ్ళు తక్కువ. అయినా తొలకరి పడగానే నా కాళ్ళు నిలవవు. చేలోకి వెళ్ళి జానెడు లోతు తవ్వి, కళ్ళు మూసుకుని మట్టి నొక్కుతాను. నా మణికట్టు దగ్గర గాజు గీసిన సన్నటి మచ్చ ఇంకా ఉంది, నొక్కినప్పుడు అది తెల్లబడుతుంది. నా చెయ్యి ఎప్పుడూ పెద్దగా తప్పు చెప్పలేదు, నేర్పింది ఎవరి చెయ్యి మరి.

మా అమ్మ కిందటి ఏడు పోయింది. బాబాయి అంతకుముందే పోయాడు, పెదనాన్న కూడా లేడు. ఆ వసారాలో కూర్చున్నవాళ్ళలో మిగిలింది నేనే. ఇక ఎవరి పేరూ చెడదు కాబట్టి, ఇన్నేళ్ళు నాలో దాచుకున్నది ఇప్పుడు చెప్పొచ్చనుకుంటున్నాను. మా తాతయ్య చేతికి ఏమీ కాలేదు. ఆ రోజు మా చేలో పదును లేదు, ఆయన లేదనే చెప్పాడు.